రెండు రాత్రులు చాలవు

(ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు స్మృతిలో నారాయణఖేడ్‌లో చేసిన ఉపన్యాస పాఠం)

వేణు బప్పు పేరెత్తగానే అందరూ చెప్పే సంగతి ఒకటుంది. నిజాం కాలేజీలో చదువుకున్న ఈ యువకుడు హైదరాబాద్ ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో హార్వర్డ్‌కు వెళ్లాడు. 1949 జులై 2న అక్కడ ఒక కొత్త తోకచుక్కను కనుగొన్నాడు. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ ‘కనుగొన్నాడు’ అన్న ఆ ఒక్క మాట కింద ఎంత పని దాగి ఉందో మనం పట్టించుకోం. దున్నుతుంటే నాగలికి లంకెబిందె తగిలినట్టు ఆకాశంలో తోకచుక్క తగిలిందనీ, అది తగిలినవాడి అదృష్టమనీ అనుకుంటాం. నేను ఇక్కడ నిలబెట్టదలచిన వాదం దీనికి ఎదురు. తోకచుక్కను చూడటం వేరు, కనుగొనడం వేరు. చూసినదాన్ని మర్నాడూ, ఆ మర్నాడూ, వారం తర్వాతా, నెల తర్వాతా విడవకుండా వెంటాడి కొలిస్తేనే కనుగొన్నట్టు లెక్క. ఆ వెంటాడే పనికి కొండల మీది పెద్ద దుర్భిణులు ఎంత అవసరమో, నారాయణఖేడ్ లాంటి ఊళ్లూ అంతే అవసరం. ఈ చివరి మాట దగ్గర మీకు సందేహం రావడం సహజం. అందుకే రుజువులతో మొదలుపెడతాను.

మొదటి రుజువు మన పొరుగునే, మద్రాసులో ఉంది. 1872లో అక్కడి అబ్జర్వేటరీకి అధిపతి నార్మన్ పోగ్సన్. నక్షత్రాల కాంతిని కొలవడానికి నేటికీ వాడుతున్న మాగ్నిట్యూడ్ స్కేలును స్థిరపరచింది ఆయనే. 1861లో మద్రాసు నుంచి ‘ఆసియా’ అనే గ్రహశకలాన్ని పట్టుకున్నదీ ఆయనే. ఆ కాలపు శాస్త్రవేత్తలను వేధించిన ప్రశ్న బీలా తోకచుక్క. ఆరున్నరేళ్లు దాటాక ఒకసారి వచ్చిపోయే ఆ చుక్క 1846లో పరిశీలకులకు రెండుగా చీలి కనిపించింది. 1852లో జంటగా వచ్చింది. ఆ తర్వాత అయిపులేకుండా పోయింది. 1872 నవంబరు 27 రాత్రి ఐరోపా ఆకాశంలో ఉల్కలు జడివానలా కురిశాయి. బీలా నడిచిన దారిని భూమి దాటినందువల్లే అలా జరిగిందని గ్రహించిన జర్మన్ శాస్త్రవేత్త క్లింకర్‌ఫ్యూస్, ఆ చుక్క భూమిని రాసుకుంటూ దక్షిణాకాశంలోకి వెళ్లి ఉంటుందని ఊహించాడు. తీటా సెంటారీ అనే నక్షత్రం దగ్గర వెతకమని మద్రాసుకు తంతి కొట్టాడు. తంతి అందాక మొదట మబ్బు అడ్డమొచ్చింది. డిసెంబరు మొదటి వారంలో ఒక వేకువన మబ్బు విడితే, చెప్పిన చోట నిజంగానే తోకచుక్క లాంటిది కనిపించింది. మరునాటి వేకువన ఇంకాస్త స్పష్టంగా, పొట్టి తోకతో సహా కనిపించింది. ఆపైన మళ్లీ మబ్బు, వాన. పోగ్సన్ దాన్ని మరి చూడలేదు, మరెవరూ చూడలేదు. అది బీలా అయివుండదని తర్వాతి లెక్కలు తేల్చాయి. మరి ఏమిటది? నూట యాభై ఏళ్లు దాటినా జవాబు లేదు. నేటి జాబితాల్లో దాని పేరు ముందు ‘ఎక్స్’ అక్షరం ఉంటుంది. కక్ష్య తేలని చుక్కకు అది గుర్తు.

అంత నిపుణుడు, అంత సరైన చోట, అంత సరైన వేళలో చూసి కూడా ఎందుకు తేల్చలేకపోయాడు? జవాబు చిన్న లెక్కలో ఉంది. తోకచుక్క దారిని నిర్ణయించాలంటే ఆరు అంకెలు కావాలి: దారి ఎంత పెద్దది, ఎంత కోలగా సాగింది, భూమి తిరిగే తలానికి ఎంత వాలి ఉంది, ఆ తలాన్ని ఎక్కడ కోస్తుంది, ఏ దిక్కుకు తిరిగి ఉంది, సూర్యుడికి అతి దగ్గరగా ఎప్పుడు వస్తుంది. ఒక రాత్రి కొలత మనకు ఇచ్చేది రెండే అంకెలు, ఆకాశపు అక్షాంశం, రేఖాంశం అనుకోండి. దూరం ఎంతో ఏ దుర్భిణీ నేరుగా చెప్పదు. అంటే ఆరు అంకెలు రాబట్టడానికి కనీసం మూడు వేర్వేరు వేళల కొలతలు కావాలి. పోగ్సన్ చేతిలో ఉన్నవి రెండు రాత్రులు, నాలుగు అంకెలు. చాలా దూరం నుంచి వచ్చే తోకచుక్కల దారి దాదాపు పారాబోలా ఆకారంలో ఉంటుందని ముందే ఒప్పుకుంటే ఒక అంకె ఆదా అవుతుంది, అయినా ఐదు కావాలి. ఒక్క అంకె తక్కువైంది. 1801 జనవరి 1న పియాట్సీ సెరెస్‌ను చూసినప్పుడు ఆయనకు 41 రోజుల కొలతలు దొరికాయి. సెరెస్ సూర్యకాంతిలో మరుగైపోయినా, ఆ కొలతలతో గౌస్ దాని దారి లెక్కగట్టాడు. ఆ ఏడాది చివర చెప్పిన చోటికి దగ్గరలోనే అది మళ్లీ దొరికింది. పియాట్సీ కన్ను పోగ్సన్ కన్ను కంటే గొప్పదేమీ కాదు. తేడా అంతా ఎన్ని రాత్రులు దొరికాయన్న దాంట్లోనే ఉంది.

ఇంతకీ ‘కొలవడం’ అంటే ఏమిటో కాస్త దగ్గరగా చూద్దాం. దుర్భిణికి కెమెరా తగిలించి, ఒకే చోటును అర నిమిషం చొప్పున ఇరవై ముప్పై ఫొటోలు తీస్తారు. వాటిని వరసగా పెట్టి చూస్తే నక్షత్రాలన్నీ కదలకుండా ఉంటాయి. ఒక్క మసక చుక్క మాత్రం కొద్దికొద్దిగా జరుగుతుంది. ఆ జరుగుబాటు వేగానికి తగినట్టు ఫొటోలను ఒకదానిపై ఒకటి జరిపి పేర్చితే నక్షత్రాలు గీతలుగా సాగిపోతాయి, తోకచుక్క చుక్కగా నిలుస్తుంది. అప్పుడు దాని నడిమి బిందువును, చుట్టూ ఉన్న నక్షత్రాల తెలిసిన స్థానాలతో పోల్చి కొలుస్తారు. అసలు కష్టం ఇక్కడే. నక్షత్రం చుక్క, తోకచుక్క నూగు. దాని కాంతి తోక వైపు ఒరిగి ఉంటుంది కాబట్టి నడిమి బిందువును ఆ వైపు జరిపి గుర్తించే పొరపాటు సులువుగా జరుగుతుంది. కాలం ఇంకో కష్టం. ఒక డిగ్రీలో 3,600వ వంతును ఆర్క్ సెకను అంటారు. ఐదు కిలోమీటర్ల అవతల పెట్టిన పాత రూపాయి బిళ్ల మన కంటికి దాదాపు అంతే ఉంటుంది. నిమిషానికి ఒక ఆర్క్ సెకను జరిగే తోకచుక్కను కొలిచేటప్పుడు గడియారం ఒక్క నిమిషం తప్పితే కొలత ఆ మేరకు తప్పినట్టే. చివరికి ఈ శ్రమంతా ఒక చిన్న వరసగా మారుతుంది: చుక్క పేరు, తేదీ, స్థానం, కాంతి, చివర పరిశీలన జరిగిన చోటు తాలూకు మూడక్షరాల సంకేతం. ఆ వరసలు అమెరికాలోని మైనర్ ప్లానెట్ సెంటర్‌కు చేరతాయి. ప్రపంచంలోని తోకచుక్కల, గ్రహశకలాల కొలతలన్నీ కలిసే కూడలి అదే.

బప్పు కథను ఈ వెలుగులో మళ్లీ చదవండి. ఆయన ఇల్లు కేరళ మూలాలది, పెరిగింది హైదరాబాద్‌లో. తండ్రి నిజామియా అబ్జర్వేటరీలో పనిచేశారు. నవాబ్ జఫర్ జంగ్ 1901లో సొంత ఖర్చుతో మొదలుపెట్టిన ఆ సంస్థ, ఆయన తదనంతరం 1908లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది. 1919 నుంచి ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి చేరింది. ఆ సంస్థకు ప్రపంచంలో పేరు తెచ్చింది ఒక విసుగుపుట్టించే పని. ఆకాశం మొత్తాన్ని ఫొటోలు తీసి నక్షత్రాల స్థానాలను పట్టికలుగా వేయాలని అనేక దేశాల అబ్జర్వేటరీలు కలిసి ఆకాశాన్ని పంచుకున్నప్పుడు, ఇతరులు పూర్తిచేయలేక వదిలిన భాగాలను హైదరాబాద్ తీసుకుంది. బేగంపేటలో దశాబ్దాల పాటు కూర్చుని ఏడు లక్షలకు పైగా నక్షత్ర స్థానాలను కొలిచి అచ్చువేసింది. తోకచుక్కను కొలవాలంటే చుట్టూ స్థానం తెలిసిన నక్షత్రాలు ఉండాలన్నాను కదా, అలాంటి నక్షత్రాలను ప్రపంచానికి అందించిన చోట్లలో మన బేగంపేట ఒకటి. కొలతకు విలువిచ్చే ఆ వాతావరణంలో పెరిగిన వాడు హార్వర్డ్ ఫొటో పలక మీద కొత్త మరకను గుర్తించడం యాదృచ్ఛికం అనుకోలేం. అంతటితో ఆయన ఆగలేదు. బార్ట్ బాక్, గోర్డన్ న్యూకిర్క్ అది కొత్తదేనని నిర్ధారించారు. ముగ్గురూ కలిసి దాని దారి లెక్కగట్టి, అది అరవై వేల ఏళ్లకోసారి వచ్చే చుక్క అని తేల్చారు. అందుకే దానికి బప్పు–బాక్–న్యూకిర్క్ అనే పేరు నిలిచింది. పోగ్సన్ చూసినదానికి లేనిదీ, బప్పు చూసినదానికి ఉన్నదీ ఆ లెక్కే.

ఇదంతా ఫొటో పలకల కాలం నాటి ముచ్చట, ఇప్పుడు అలా జరగదు కదా అనే వారికి ఇటీవలి ఉదాహరణ ఒకటి ఉంది. 2024 అక్టోబరులో మన ఊళ్ల మీద సాయంత్రం పడమట కనిపించిన త్సుచిన్‌షాన్–అట్లాస్ తోకచుక్కను మీలో చాలామంది చూసే ఉంటారు. దాన్ని మొదట 2023 జనవరి 9న చైనాలోని పర్పుల్ మౌంటెన్ (త్సుచిన్‌షాన్) అబ్జర్వేటరీ పట్టుకుంది. మైనర్ ప్లానెట్ సెంటర్ దాన్ని నిర్ధారణ కావలసిన వాటి జాబితాలో పెట్టింది. దాన్ని వెంటాడిన వారు లేకపోయారు. జనవరి 30న, జాడ తప్పినదిగా జాబితా నుంచి తీసేశారు. అంటే పోగ్సన్ చుక్కకు పట్టిన గతే దీనికీ పట్టింది. ఫిబ్రవరి 22న దక్షిణాఫ్రికాలోని అట్లాస్ దుర్భిణి ఒక కొత్త చుక్కను పట్టుకుంది. ఈసారి వెంటనే కొలతలు వచ్చాయి. దారి తేలాక, దాన్ని వెనక్కి లెక్కిస్తే జనవరిలో తప్పిపోయినది ఇదేనని బయటపడింది. 2022 డిసెంబరు నాటి ఫొటోల్లో కూడా అది దొరికింది. పేరులో రెండు సంస్థలు ఉండటానికి కారణం ఇదే. మీ కళ్లకు కనిపించేంతగా వెలిగిన తోకచుక్క, ఉపగ్రహాలూ కంప్యూటర్లూ ఉన్న కాలంలో కూడా, వెంటాడే చేతులు చాలక మూడు వారాలకు మన లెక్కల్లోంచి జారిపోయింది.

ఇప్పుడు అభ్యంతరాల దగ్గరికి వద్దాం. మొదటిది బలమైనదే. హవాయి, చిలీ, దక్షిణాఫ్రికాల్లోని అట్లాస్ దుర్భిణులు ఆకాశాన్ని రోజూ జల్లెడపడుతున్నాయి. చిలీలో 2025లో తొలి చిత్రాలు విడుదల చేసిన రూబిన్ అబ్జర్వేటరీ అంతకు ఎన్నో రెట్లు లోతుగా చూస్తుంది. 2025 జులై 1న నక్షత్రాల మధ్య నుంచి వచ్చిన మూడో అతిథి 3ఐ–అట్లాస్‌ను పట్టుకున్నదీ యంత్రమే. ఇక చిన్న ఊరి చిన్న దుర్భిణి చేసేదేముంది? కొత్త చుక్కను మొదట చూసే పోటీలో మనం గెలవలేం. ఈ మాట నేనూ ఒప్పుకుంటాను. కానీ 3ఐ సంగతే తీసుకోండి: అది మన సౌర కుటుంబానికి చెందదని యంత్రం ఒక్కటే చెప్పలేదు. ప్రపంచంలో చాలా చోట్ల నుంచి వెంటవెంటనే వచ్చిన కొలతలు కలిసి చెప్పాయి. పెద్ద సర్వేలు తమ పద్ధతి ప్రకారం ఆకాశంలో ముందుకు సాగిపోతాయి. నిన్న చూసిన చుక్క కోసం ఆగవు. తోకచుక్కలు బాగా వెలిగే వేళకు రూబిన్ కెమెరాకు మిరుమిట్లు కమ్ముతాయి. సూర్యుడికి దగ్గరగా, మసక వెలుతురులో ఉండే చుక్కల వైపు పెద్ద దుర్భిణులు సాధారణంగా తిరగవు. 2019 ఆగస్టు 30న నక్షత్రాల మధ్య నుంచి వచ్చిన రెండో అతిథిని సూర్యోదయానికి ముందు మసక ఆకాశంలో పట్టుకున్నది గెన్నడీ బొరిసోవ్. క్రిమియాలో సొంతంగా తయారు చేసుకున్న దుర్భిణితో పనిచేసిన ఔత్సాహికుడు ఆయన.

పైగా తోకచుక్క రాయిలా చెప్పిన దారినే పోదు. బప్పు కనుగొన్న మరుసటి ఏడాదే, 1950లో, అదే హార్వర్డ్‌లో ఫ్రెడ్ విపుల్ ఒక సిద్ధాంతం ప్రతిపాదించాడు: తోకచుక్క గుండె దుమ్ము కలిసిన మంచు ముద్ద, సూర్యుడి వేడికి ఆవిరి ఎగజిమ్మినప్పుడల్లా అది ఎదురు దిక్కుకు కొద్దిగా నెట్టబడుతుంది. అందుకే నెల కిందటి లెక్క ఈ నెలకు చాలకపోవచ్చు. కొన్ని చుక్కలైతే దారి తేలాక కూడా మాట తప్పుతాయి: 2013 నవంబరు 28న సూర్యుడి దగ్గరికి వెళ్లిన ఐసాన్ అక్కడే చెదిరిపోయింది, 2020లో ఆశలు రేపిన ఒక అట్లాస్ చుక్క ముక్కలైంది. ఎప్పుడు పగులుతుందో, ఎప్పుడు ఉన్నట్టుండి వెలుగుతుందో తెలియాలంటే రోజూ ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి. ఈ పని ఒక రాత్రి యంత్రంతో తీరేది కాదు. పాడిగేదె ఆలనా పాలనా లాంటిది. పూటపూటకీ మనిషి కావాలి.

రెండో అభ్యంతరం ప్రయోజనం గురించి. రైతుకు వాన కావాలి, పిల్లలకు ఉద్యోగం కావాలి, ఎక్కడి తోకచుక్కో ఎటు పోతే మనకేమిటి? భూమిని ఢీకొంటుందన్న భయం చూపించి ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం నాకు ఇష్టం లేదు. ఆ అవకాశం చాలా తక్కువ. జరిగిన సంగతే చెబుతాను. 2013 జనవరిలో ఆస్ట్రేలియాలోని సైడింగ్ స్ప్రింగ్ నుంచి ఒక తోకచుక్క కనిపించింది. తొలి లెక్కల్లో అది అంగారకుణ్ని ఢీకొనే అవకాశాన్ని కొట్టివేయలేకపోయారు. నెలల తరబడి కొలతలు చేరాక ఢీకొనదని, దాదాపు లక్షా నలభై వేల కిలోమీటర్ల దూరంలో దాటుతుందని తేలింది. అది దాటిన రోజు 2014 అక్టోబరు 19. మన మంగళయాన్ అంగారకుడి కక్ష్యలోకి చేరిన రోజు అదే ఏడాది సెప్టెంబరు 24. తోకచుక్క విదిల్చే ధూళి తగలకుండా, ఆ వేళకు మంగళయాన్ అంగారకుడి చాటున ఉండేలా ఇస్రో ముందే జాగ్రత్తపడింది. ఏ నిమిషానికి చాటుకు వెళ్లాలో తెలిసింది వెంటాడి కొలిచినవారి వల్లే.

ఇంకో ప్రయోజనం మనసుకు సంబంధించింది. తోకచుక్క పొడిస్తే రాజుకు గండం, ఊరికి కరువు అని మన పల్లెల్లో తరతరాలుగా అనుకున్నారు. 1910లో హేలీ తోకచుక్క వచ్చినప్పుడు దాని తోకలో విషవాయువు ఉందన్న వార్తకు పాశ్చాత్య దేశాల్లో జనం హడలి మందుబిళ్లలు కొన్నారు. అదే ఏడాది గురజాడ ‘ముత్యాల సరాలు’ రాస్తూ, ఆ వేకువ చుక్కను కీడుగా కాక మారుతున్న కాలానికి గుర్తుగా చూపాడు. కవి ఆ ధైర్యాన్ని ఊహలోంచి ఇచ్చాడు. కొలత నేర్చినవాడికి అది లెక్కలోంచి వస్తుంది. ఎక్కడుందో, ఎటు పోతోందో, ఎప్పుడు వెళ్లిపోతుందో తన చేత్తో లెక్కగట్టిన పిల్లవాణ్ని ఏ పుకారూ భయపెట్టలేదు.

మూడో అభ్యంతరం మన స్థోమత గురించి. నారాయణఖేడ్‌లో ఏముంది? ఏముందో చూద్దాం. 1956 దాకా బీదర్ జిల్లాలో ఉన్న తాలూకా ఇది. హైదరాబాద్ వెలుతురుకు వంద కిలోమీటర్ల ఎడంగా, దక్కన్ పీఠభూమి మీద, ఉత్తరంగా 18 డిగ్రీల అక్షాంశంలో ఉంది. ఐరోపా అబ్జర్వేటరీలకు ఎన్నడూ పైకి రాని దక్షిణపు చుక్కలు మనకు దిగంతం మీదికి వస్తాయి. రేఖాంశం లెక్కన దక్షిణాఫ్రికా అట్లాస్ దుర్భిణి కంటే మనకు దాదాపు నాలుగు గంటల ముందే రాత్రి పడుతుంది. వానకాలం మూడు నాలుగు నెలలు మనకు పని ఉండదు, నిజమే. 2020 జులైలో నియోవైజ్ తోకచుక్కను మనలో చాలామందికి మబ్బే దక్కనివ్వలేదు. కానీ పోగ్సన్‌ను ఓడించిన మబ్బు ఏ కాలపుదో గుర్తుచేసుకోండి. డిసెంబరులో మద్రాసు తీరానికి ఈశాన్య రుతుపవనాల వాన. అదే డిసెంబరులో ఈ పీఠభూమి మీద సాధారణంగా కందిచేలు ఎండుతూ ఉంటాయి. ఒక చోట మబ్బు పట్టినప్పుడు ఇంకో చోట ఆకాశం విడిచి ఉండాలంటే, పరిశీలించే చోట్లు ఎన్నో ఉండాలి. ఇక పరికరాల మాట: ఎనిమిది, పది అంగుళాల అద్దం, దాన్ని తిప్పే యంత్రం, కెమెరా, కంప్యూటరు కలిపినా ఒక కొత్త ట్రాక్టరు ధర దాటదు. మన తెలుగు నేల మీద ఇది కొత్తా కాదు. 1840లోనే విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో గోడే వెంకట జగ్గారావు సొంత అబ్జర్వేటరీ కట్టించుకున్నాడు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874 డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటడాన్ని అక్కడి నుంచే పరిశీలించాడు.

ఒక నష్టాన్ని మాత్రం దాచను. వెంటాడినవాడి పేరు నేడు సాధారణంగా తోకచుక్కకు పెట్టరు. పత్రికల్లో ఫొటో రాదు. పిల్లలు గ్రహశకలాన్ని కనుగొన్నారన్న వార్తలు తరచూ చూస్తుంటాం. వాటిలో చాలావరకు తొలి గుర్తింపులే, నిర్ధారణకు ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లు పనిచేసేవారి పేర్లు ఆ వార్తల్లో ఉండవు. కీర్తి కోసమైతే ఇది తగిన పని కాదు. కానీ బేగంపేటలో నక్షత్ర స్థానాలు కొలిచినవారికి దక్కిన కీర్తి ఎంత? వారి పేర్లు మనలో ఎందరికి తెలుసు? అయినా వారి అంకెలు నిలిచాయి.

అందుకే ఈ సభ ముందు ఒక విన్నపం. కొలత వరస చివర ఉంటుందన్న మూడక్షరాల సంకేతాన్ని పరిశీలన కేంద్రాలకు మైనర్ ప్లానెట్ సెంటర్ ఇస్తుంది. హైదరాబాద్‌కు 218, జపాల్–రంగాపూర్‌కు 219, బప్పు కట్టించిన, నేడు ఆయన పేరే మోస్తున్న కావలూరు కేంద్రానికి 220, పోగ్సన్ పనిచేసిన మద్రాసుకు 223. కొత్త సంకేతం తెచ్చుకోవడానికి డిగ్రీలూ సిఫారసులూ అక్కరలేదు. తెలిసిన గ్రహశకలాలను కనీసం రెండు రాత్రులు సరిగ్గా కొలిచి పంపితే, కొలతలు నమ్మదగినవని తేలితే, సంకేతం వస్తుంది. ఇక్కడి జూనియర్ కాలేజీ, డిగ్రీ కాలేజీ అధ్యాపకులు ఒక దుర్భిణిని సమకూర్చుకుని ఈ నవంబరు నుంచి మే దాకా ఆ ప్రయత్నం చేయాలి. జహీరాబాద్ వైపు పరిశ్రమల ప్రాంతం పెరుగుతున్నకొద్దీ ఆకాశంలోకి వెలుతురు చిమ్ముతుంది. వీధి దీపాలకు పైన మూత పెట్టించడం మున్సిపాలిటీ చేతిలో ఉన్న పని, ఇప్పుడే అడగాలి. సంకేతానికి రెండు రాత్రులు చాలు. తోకచుక్కకు చాలవు. ఆ తర్వాతి రాత్రులకు ఎవరు మేల్కొని ఉంటారో వంతులు వేసుకుని, ఆ జాబితాను ఈ సభ నుంచి వెళ్లేలోపే రాయండి.